ఆరోగ్యశ్రీ కార్డు చాలా, ప్రైవేటు పాలసీ కూడా కొనాలా?

మా బాబాయికి గుండె నొప్పి వచ్చింది రాత్రి పదకొండు గంటలకి. ఊరి నుంచి ఆటోలో గుంటూరు చేరేసరికి పన్నెండు దాటింది. మొదట వెళ్లిన ఆసుపత్రి బోర్డు మీద ఆరోగ్యశ్రీ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. కౌంటర్ దగ్గర అబ్బాయి మాత్రం "కార్డు మీద ఇప్పుడు బెడ్లు లేవండీ, క్యాష్ అయితే చేర్చుకుంటాం" అన్నాడు. పిన్ని చేతిలో కవరులో పెట్టుకున్న బియ్యం కార్డు, ఆధార్ జిరాక్సులు అలాగే ఉండిపోయాయి. పది నిమిషాల దూరంలో ఉన్న ఇంకో ఆసుపత్రిలో చేర్చుకున్నారు. అక్కడి ఆరోగ్యమిత్ర, అంటే ఆసుపత్రిలో ఈ కార్డు పనులు చూసే అమ్మాయి, నిద్ర కళ్లతోనే వచ్చి, వేలిముద్ర తీసుకుని, ఫోన్‌లో అనుమతి తెప్పించింది. తెల్లారేలోపు స్టెంట్ పడింది. దానికి మేం ఒక్క రూపాయి కట్టలేదు.

ఒకే కార్డు, ఒకే రాత్రి, రెండు ఆసుపత్రులు. ఆ రోజు నుంచి ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే. కార్డు మీద ఎన్ని లక్షలని రాసి ఉందో తర్వాత చూద్దాం, అవసరమైన రోజున మీకు అందే దూరంలో దాన్ని ఏ ఆసుపత్రి తీసుకుంటుందో ముందు తెలుసుకోండి. ప్రైవేటు పాలసీకి కూడా ఇదే లెక్క. 10 లక్షల పాలసీ, 25 లక్షల కార్డు అని పోల్చుకుంటూ కూర్చుంటే అసలు తేడా కనబడదు.

ముందు ఇంట్లో ఏముందో చూసుకోండి

చాలామందికి తమ దగ్గర ఏముందో తెలియదు. "మాకు గవర్నమెంట్ ఇన్సూరెన్స్ ఉందండీ" అంటారు, తీరా చూస్తే అది న్యూ ఇండియా లేదా యునైటెడ్ ఇండియా పాలసీ. ఆ కంపెనీలు ప్రభుత్వానివే, పాలసీ మాత్రం మనం డబ్బు కట్టి కొనుక్కున్నదే. దానికి వర్తించే నియమాలన్నీ ప్రైవేటు కంపెనీ పాలసీలకు వర్తించేవే. నేను ఇక్కడ ప్రభుత్వ బీమా అంటున్నది ప్రీమియం మనం కట్టకుండా ప్రభుత్వం భరించే పథకాలను.

ఆంధ్రప్రదేశ్‌లో అది ఎన్టీఆర్ వైద్య సేవ. 2007లో వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం రాజీవ్ ఆరోగ్యశ్రీగా మొదలుపెట్టింది. ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారుతూ వచ్చినా జనం నోట్లో ఇప్పటికీ ఆరోగ్యశ్రీయే. ఏడాదికి 5 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు వర్తిస్తుంది. వైద్య ఖర్చు పరిమితిని 2023 డిసెంబర్‌లో 25 లక్షలకు పెంచారు. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితి అదే నెలలో 5 లక్షల నుంచి 10 లక్షలయింది. అక్కడ రేషన్ కార్డే ఆధారం. కేంద్రానిది ఆయుష్మాన్ భారత్, 2018 సెప్టెంబర్‌లో మొదలైంది. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు. రెండు రాష్ట్రాల పథకాలూ ఇప్పుడు దీంతో కలిసి నడుస్తున్నాయి.

ఇంట్లో 70 ఏళ్లు దాటిన పెద్దవాళ్లుంటే వాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు వస్తుంది. 2024 అక్టోబర్ నుంచి ఇస్తున్నారు. రిటైరైన టీచరైనా, కొడుకు అమెరికాలో ఉన్నా, ప్రైవేటు పాలసీ ఉన్నా సరే, 70 నిండితే చాలు. సీజీహెచ్‌ఎస్ లాంటి కేంద్ర ఉద్యోగుల వైద్య పథకాల్లో ఉన్నవాళ్లు మాత్రం అదో ఇదో ఒకటి ఎంచుకోవాలి. "మాకు తెల్ల కార్డు లేదు కదా" అనుకుని ఊరుకున్న పెద్దవాళ్లు నాకు తెలిసే పదిమంది ఉన్నారు. ఆధార్‌తో, ఫోన్‌లోనే నమోదు చేయొచ్చు. సందేహముంటే 14555కి ఫోన్ చేయండి.

నెల జీతం 21,000 లోపు ఉండి, ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) వర్తించే సంస్థలో పనిచేస్తుంటే ఈఎస్ఐ ఉంటుంది. జీతంలోంచి 0.75 శాతం కోస్తారు, యజమాని 3.25 శాతం కడతాడు. దీన్ని చాలామంది చిన్నచూపు చూస్తారు. కానీ డాక్టరుకి చూపించుకోవడం, మందులు, పరీక్షలు, ఆపరేషన్ అన్నీ కలిసి ఉన్నది అందులోనే. డిస్పెన్సరీలో క్యూ ఉంటుంది, నిజమే. అయినా షుగర్ మందులకు నెలనెలా వెయ్యి, రెండు వేలు పెట్టే ఇంట్లో ఆ క్యూలో నిలబడటం దండగ కాదు.

కార్డు బలం ఎక్కడుంది

ప్రభుత్వ కార్డుకి వెయిటింగ్ పీరియడ్, అంటే తీసుకున్నాక వాడుకోవడానికి ఆగాల్సిన కాలం, లేదు. మీకు పదేళ్లుగా షుగర్ ఉన్నా, నిన్న కిడ్నీ పాడైందని తెలిసినా, ఈరోజు డయాలసిస్‌కి వెళ్లొచ్చు. మనం సొంతంగా కొనుక్కునే ప్రైవేటు పాలసీల్లో ఇది చాలా అరుదు. గుండె ఆపరేషన్, క్యాన్సర్, డయాలసిస్, పుట్టుకతో చెవుడు ఉన్న పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ లాంటి వాటిలో ఈ పథకం మన రెండు రాష్ట్రాల్లో ఎన్ని ఇళ్లను అప్పుల నుంచి కాపాడిందో ఊళ్లలో ఎవరిని అడిగినా చెబుతారు. వయసు పెరిగిందని ప్రీమియం పెరగదు. ఒకసారి వాడుకున్నారని మరుసటి ఏడాది తీసేయరు.

బలహీనతలు కూడా చెప్పాలి. జాబితాలో ఉన్న చికిత్సలకే వర్తిస్తుంది. ఆంధ్రలో ఆ జాబితా 3,257 చికిత్సలకు చేరింది, తెలంగాణలో 2024లో కొత్తవి కలిపాక 1,835 అయింది. ఇంత పెద్ద జాబితాలోనూ మీ జబ్బు లేకపోవచ్చు. ఉన్నా ఆ ఆసుపత్రిలో ఆ విభాగానికి గుర్తింపు ఉండకపోవచ్చు. గుండెకు గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో ఎముకలకు ఉండాలని లేదు. బోర్డు చూసి లోపలికి వెళ్లి చాలామంది దెబ్బతినేది ఇక్కడే.

రెండోది, ఓపీ ఖర్చు. అడ్మిట్ కాకుండా డాక్టరు ఫీజు, స్కానింగులు, నెలనెలా మందులు మన జేబులోంచే. ప్రైవేటు పాలసీలు కూడా మామూలుగా ఓపీని కవర్ చేయవు కాబట్టి ఈ విషయంలో రెండూ ఒకటే.

మూడోది ఊరు మారడం. ఆంధ్ర కార్డుకి హైదరాబాద్, బెంగళూరు, చెన్నైలలో కొన్ని ఆసుపత్రుల్లో, కొన్ని చికిత్సలకు అవకాశం ఇచ్చారు. అన్నింటికీ కాదు. ఆయుష్మాన్ కార్డు మాత్రం పథకంలో ఉన్న ఆసుపత్రుల్లో ఏ రాష్ట్రంలోనైనా పనిచేస్తుంది. బెంగళూరులో ఉద్యోగం చేస్తూ అమ్మానాన్నలను దగ్గర పెట్టుకున్నవాళ్లు ఇంట్లో ఉన్నది రాష్ట్ర కార్డు ఒక్కటేనా, ఆయుష్మాన్ కూడా నమోదైందా అని ఈ వారమే చూసుకోవాలి.

ప్రైవేటు పాలసీ: ఒక బిల్లు దగ్గర కూర్చుని చూద్దాం

హైదరాబాద్‌లో ఉండే మా బావకి గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయింది. 5 లక్షల పాలసీ, క్యాష్‌లెస్ (బిల్లు కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టే పద్ధతి), అంతా బాగానే ఉంది. పాలసీలో రూమ్ అద్దె పరిమితి బీమా మొత్తంలో 1 శాతం, అంటే రోజుకి 5,000. ఆసుపత్రిలో "సింగిల్ రూమ్ 8,000 అండి, ఇన్సూరెన్స్ ఉంది కదా" అన్నారు. అక్క కూడా రోజుకి మూడు వేలు తేడా కదా, కట్టుకుందాం అనుకుంది. నాలుగు రోజులకి పన్నెండు వేలు. ఇంతే అనుకున్నారు.

బిల్లు 2 లక్షలు వచ్చింది. రూమ్ 32,000. సర్జన్, ఆపరేషన్ థియేటర్, మత్తు డాక్టరు, నర్సింగ్ కలిపి 1,20,000. మందులు 28,000. పరీక్షలు 12,000. గ్లౌజులు, మాస్కులు వగైరా 8,000.

కంపెనీ ఇచ్చింది ఇంత. రూమ్‌కి 20,000. సర్జన్, థియేటర్ ఖర్చులో ఎనిమిదింట ఐదు వంతులు, అంటే 75,000. మందులు, పరీక్షలు పూర్తిగా, 40,000. గ్లౌజులకి సున్నా. మొత్తం 1,35,000. బావ చేతి నుంచి 65,000 పడింది. పన్నెండు వేలనుకున్నది అరవై ఐదు వేలయింది. ఎందుకంటే రూమ్ పరిమితి దాటితే, ఎంత నిష్పత్తిలో దాటారో ఆ నిష్పత్తిలో డాక్టర్ల ఫీజులు కూడా తగ్గించి ఇస్తారు. ఆ షరతు పాలసీ కాగితాల్లో ఉంది. అమ్మేటప్పుడు దాన్ని విడమరిచి చెప్పినవాళ్లు లేరు. అక్క డిశ్చార్జ్ రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా బిల్లింగ్ కౌంటర్ ముందు కుర్చీలో కూర్చుని ఆ టెన్షన్ పడింది.

అందుకే పాలసీ ఎంచుకునేటప్పుడు నేను మొదట చూసేది రూమ్ అద్దె పరిమితి. అది లేని పాలసీకి ఏడాదికి రెండు మూడు వేలు ఎక్కువైనా అదే తీసుకోమంటాను. తర్వాత చూసేది కోపే, అంటే ప్రతి బిల్లులో మన వాటా. 20 శాతం కోపే ఉన్న పాలసీ చవగ్గా కనబడుతుంది, 6 లక్షల బిల్లు వచ్చిన రోజున 1,20,000 వెతుక్కోవాలి. ఆ తర్వాత జబ్బుల వారీ పరిమితులు. కంటి శుక్లాలకు, మోకాలి మార్పిడికి ఇంతకు మించి ఇవ్వం అని కొన్ని పాలసీల్లో ఉంటుంది.

పోల్చి చూడటానికి కొలబద్దలా పనికొచ్చేది ఆరోగ్య సంజీవని. 2020 ఏప్రిల్ నుంచి అన్ని కంపెనీలూ ఒకే షరతులతో అమ్మాల్సిన పాలసీ ఇది. 5 శాతం కోపే, రూమ్‌కి బీమా మొత్తంలో 2 శాతం, గరిష్ఠంగా 5,000. చిన్న పట్టణంలో ఉండి, దగ్గర్లోని ఆసుపత్రిలోనే చూపించుకునేవాళ్లకి ఇది సరిపోతుంది. హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రి మనసులో ఉంటే చాలదు. ఏజెంట్ ఏ పాలసీ చూపించినా, సంజీవని కంటే ఇది ఎందులో మెరుగు అని అడగండి. సూటిగా చెప్పగలిగితే ముందుకు వెళ్లండి.

వెయిటింగ్ పీరియడ్ గురించి భయపెట్టేవాళ్లూ, దాచేవాళ్లూ ఇద్దరూ ఉన్నారు. నియమం ఇది. పాలసీ తీసుకున్న మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప మిగతా జబ్బులకు వర్తించదు. హెర్నియా, శుక్లాలు, మోకాళ్ల లాంటి వాటికి మామూలుగా రెండేళ్లు ఆగాలి. అప్పటికే ఉన్న బీపీ, షుగర్ లాంటి జబ్బులకు గరిష్ఠంగా మూడేళ్లు. 2024 ఏప్రిల్‌కి ముందు అది నాలుగేళ్లుండేది. ఐదేళ్లు ఆపకుండా కడితే, మోసం రుజువైతే తప్ప "మీరు ఫలానా జబ్బు దాచారు" అనే కారణంతో క్లెయిమ్ ఆపకూడదు. ఇది ఇదివరకు ఎనిమిదేళ్లు.

దాచొద్దని చేతులు పట్టుకుని చెబుతున్నాను. షుగర్ మాత్ర వేసుకుంటూ "ఏ జబ్బూ లేదు" అని టిక్కు పెట్టించుకుంటారు, ప్రీమియం తగ్గుతుందని. తర్వాత ఆసుపత్రి కేసు షీట్ మీద డాక్టరు "పదేళ్లుగా షుగర్" అని రాస్తాడు. ఆ ఒక్క లైనుతో అన్నేళ్లు కట్టిన డబ్బూ నీళ్లపాలవుతుంది.

కంపెనీని ఎలా నమ్మాలి అంటే, ప్రకటన పక్కన పెట్టి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వార్షిక నివేదికలోని అంకెలు చూడండి. 2023-24లో వచ్చిన హెల్త్ క్లెయిములలో 100కి 83 చెల్లించారు, 11 తిరస్కరించారు. ప్రభుత్వ రంగ కంపెనీలు ప్రీమియంగా వచ్చిన ప్రతి 100 రూపాయలకూ సుమారు 103 రూపాయలు క్లెయిములకే ఇచ్చాయి. ఆరోగ్య బీమా ఒక్కటే అమ్మే ప్రత్యేక కంపెనీలు సుమారు 65 ఇచ్చాయి. ఈ అంకె ఒక్కటే చూసి కంపెనీని తేల్చేయకూడదు, వయసులో చిన్నవాళ్లు ఎక్కువగా ఉన్న కంపెనీకి క్లెయిములు తక్కువే వస్తాయి. కానీ రెండు మూడేళ్ల అంకెలు వరుసగా చూస్తే మనం కట్టేది ఎటు పోతుందో అర్థమవుతుంది.

ప్రైవేటు పాలసీ మెరుగు ఎక్కడంటే, డాక్టరుని ఎంచుకోవడంలో, జాబితాలో లేని చికిత్సలో, వేచి ఉండకుండా తేదీ దొరకడంలో. నాలుగు రోజులు విడవని జ్వరంతో రాత్రిపూట ఇంటి దగ్గరి ఆసుపత్రిలో చేరాల్సి వస్తే చేతిలో పాలసీ ఉండటం చాలా తేలిక. క్యాష్‌లెస్ అనుమతి గంటలోపు, డిశ్చార్జ్ అనుమతి మూడు గంటల్లోపు ఇవ్వాలని 2024 మేలో ఐఆర్‌డీఏఐ ఆదేశించింది. మూడు గంటలు దాటి ఆసుపత్రి అదనంగా వసూలు చేస్తే అది కంపెనీ భరించాలి. మా బావ విషయంలో ఈ సంగతి అప్పుడు మాకు తెలియదు. మీరు కౌంటర్ దగ్గర గుర్తుచేయండి.

మార్పుల మీద నడుస్తున్న వాదన మన ఇంటిదే

పేపర్లో "ట్రస్టు విధానమా, బీమా విధానమా" అని హెడ్డింగ్ కనబడితే పేజీ తిప్పేయకండి. మొదట్లో చెప్పిన గుంటూరు కౌంటర్‌కీ ఈ వాదనకీ నేరుగా సంబంధం ఉంది.

ట్రస్టు విధానంలో ఆసుపత్రుల బిల్లులు ప్రభుత్వమే తన ట్రస్టు ద్వారా చెల్లిస్తుంది. మధ్యలో కంపెనీ లాభం ఉండదు. కానీ ఖజానాలో డబ్బు లేకపోతే బిల్లులు పేరుకుపోతాయి. 2025 సెప్టెంబర్‌లో తెలంగాణలో, అక్టోబర్‌లో ఆంధ్రలో ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు (పథకంలో చేరినవి) బకాయిల కోసం సేవలు ఆపేశాయి. ఆ రోజుల్లో ఆపరేషన్ తేదీ ఉన్న మనిషి కార్డు మీద 25 లక్షలున్నా, 10 లక్షలున్నా ఒకటే. బకాయిలు పెరిగితే ఆసుపత్రి బయటికి చెప్పకుండా చేసే పని "బెడ్లు లేవు" అనడం.

బీమా విధానంలో ప్రభుత్వం కంపెనీకి కుటుంబానికింత అని ప్రీమియం కడుతుంది, ఆసుపత్రికి గడువులోపు చెల్లించే బాధ్యత కంపెనీది. తమిళనాడు చాలాకాలంగా బీమా కంపెనీతోనే నడుపుతోంది. కేరళ 2020 నుంచి సొంత ఏజెన్సీకి మారింది. ఆంధ్ర మంత్రివర్గం 2025 సెప్టెంబర్‌లో రెండింటినీ కలిపిన పద్ధతికి ఒప్పుకుంది. 2.5 లక్షల వరకు బీమా కంపెనీ, అది దాటి 25 లక్షల వరకు ట్రస్టు. పేద, మధ్యతరగతి తేడా లేకుండా 1.63 కోట్ల కుటుంబాలకు ఇవ్వాలన్నది ఆలోచన.

దీన్ని మెచ్చుకునేవాళ్లు ఆసుపత్రులకు వేళకు డబ్బు అందుతుంది, మధ్యతరగతికి కూడా కార్డు వస్తుంది అంటున్నారు. వ్యతిరేకించేవాళ్లు కంపెనీ లాభం క్లెయిములు తగ్గించడంలోనే ఉంటుంది కదా, పేదవాడు కాల్ సెంటర్‌తో పోట్లాడగలడా అంటున్నారు. పెద్ద జబ్బుల కంటే చిన్న క్లెయిములే లెక్కకి చాలా ఎక్కువ, కాబట్టి 2.5 లక్షల లోపు అంటే దాదాపు అందరూ కంపెనీ చేతిలోనే పడతారన్నది వాళ్ల భయం. ఇందులో కొత్త లేదు. 2007లో ఆరోగ్యశ్రీ మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది కూడా బీమా కంపెనీతోనే. తర్వాతే ట్రస్టు చేతికి పూర్తిగా వచ్చింది.

నాకు అనిపించేది చెబుతాను. బిల్లులు వేళకు కడితే ట్రస్టే మంచిది. బీమా కంపెనీ వస్తే, తిరస్కరించిన ప్రతి క్లెయిముకీ కారణం తెలుగులో రాసి ఆరోగ్యమిత్ర చేతికి ఇవ్వాలనీ, ఆ లెక్క జిల్లాలవారీగా బయట పెట్టాలనీ షరతు ఉండాలి. అది లేకుండా మారితే నష్టం మా పిన్ని లాంటి వాళ్లకే.

ఇంకో పెద్ద వాదన ఉంది. ఈ డబ్బు ప్రైవేటు ఆసుపత్రులకు పోసే బదులు కేజీహెచ్, గాంధీ, ఉస్మానియా, రుయా లాంటి ప్రభుత్వ ఆసుపత్రులకు పెడితే కాదా అన్నది. ఆరోగ్యశ్రీ తొలి ఏళ్లలో కొన్ని ప్రైవేటు ఆసుపత్రుల్లో అనవసరంగా గర్భసంచులు తీసేస్తున్నారని గోల అయింది. చివరికి ఆ ఆపరేషన్‌ను ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేశారు. ఆ ఊళ్లలో ముప్పై ఏళ్లకే గర్భసంచి పోయి, నడుము నొప్పితో కూలికి వెళ్లలేని ఆడవాళ్లను చూసినవాళ్లకి, ఉచితం అన్న మాట ఒక్కటే చాలదని తెలుసు. ప్రభుత్వ వైద్య ఖర్చు 2025కల్లా జీడీపీలో 2.5 శాతానికి చేరాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం రాసుకుంది. 2021-22లో అది 1.84 శాతం. దేశంలో మొత్తం వైద్య ఖర్చులో జనం జేబులోంచి పెట్టేది 2013-14లో 64 శాతం ఉండగా 2021-22కి 39 శాతానికి తగ్గింది. తగ్గడం సంతోషమే. మిగిలినదాంట్లో పెద్ద భాగం మందులు, ఓపీ. ఈఎస్ఐ తప్ప ఏ కార్డూ వాటిని పెద్దగా ముట్టుకోవడం లేదు.

ప్రైవేటు వైపు కూడా మార్పులు వచ్చాయి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ పోయింది. ఆఫీసు గ్రూప్ పాలసీలకు పోలేదు. 65 దాటినవాళ్లకి కూడా కొత్త పాలసీలు ఉండేలా 2024లో నియమం మార్చారు. పెద్దవాళ్ల ప్రీమియం ఏడాదికి 10 శాతం మించి పెంచాలంటే ముందు ఐఆర్‌డీఏఐని సంప్రదించాలని 2025 జనవరిలో చెప్పారు. ఇవన్నీ మంచివే. నియమం మారింది కదా అని 72 ఏళ్ల మనిషికి కంపెనీ పాలసీ ఇస్తుందన్న హామీ మాత్రం లేదు. ఇచ్చినా ప్రీమియం చూస్తే గుండె దడ పుడుతుంది.

మరి ఎవరికి ఏది

రేషన్ కార్డు ఉండి, నెలకి పదిహేను, ఇరవై వేలతో నడిచే ఇల్లయితే ప్రైవేటు పాలసీ కోసం అప్పు చేయకండి. ప్రభుత్వ కార్డే ఆధారం. ప్రీమియానికి పోయే డబ్బులో కొంత ఆసుపత్రి ఖర్చుల కోసం పోస్టాఫీసులో విడిగా ఉంచండి. కార్డు ఉన్నా దారి ఖర్చులు, తోడున్న మనిషి కూలి పోవడం, బయట రాసే మందులు తప్పవు. మా బాబాయి విషయంలో స్టెంట్ ఉచితమే, ఆ నెల రోజుల్లో పిన్ని మాత్రం మెళ్లో గొలుసు తాకట్టు పెట్టింది.

ఎక్కువ ఆలోచించాల్సింది మధ్యలో ఉన్నవాళ్లు. కిరాణా కొట్టు, సొంత ఆటో, ప్రైవేటు స్కూల్ టీచరు, రెండెకరాల మాగాణి. కార్డుకి ఎక్కువ, కార్పొరేట్ బిల్లుకి తక్కువ. దేశంలో ఇలాంటివాళ్లు కనీసం 40 కోట్ల మంది అని 2021లో నీతి ఆయోగ్ లెక్క వేసింది. వాళ్లకి నా సలహా, ముప్పై ఐదు దాటకముందే, బీపీ, షుగర్ రాకముందే కుటుంబానికి 5 లక్షల పాలసీ తీసుకోండి. దాని మీద 5 లక్షలు దాటిన ఖర్చుకి సూపర్ టాపప్ కలపండి. పెద్ద పాలసీ ఒక్కటే కొనడం కన్నా ఇది చాలా చవక. మొదటి 5 లక్షలు పాలసీలోంచి వచ్చినా, మీ జేబులోంచి కట్టినా, పైదాన్ని టాపప్ చూసుకుంటుంది.

ఐటీ ఉద్యోగులు ఆఫీసు పాలసీ మీద ధీమాగా ఉంటారు. ఉద్యోగం పోయిన రోజున అది కూడా పోతుంది. నలభై ఐదేళ్లకి, షుగర్‌తో, కొత్త పాలసీకి వెళితే వెయిటింగ్ పీరియడ్ మొదటి నుంచి లెక్క. ఉద్యోగంలో ఉండగానే చిన్నదైనా సొంత పాలసీ మొదలుపెట్టండి. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకి ఆరోగ్య బీమా ప్రీమియం మీద 25,000 వరకు, 60 దాటిన అమ్మానాన్నల కోసం కడితే మరో 50,000 వరకు మినహాయింపు ఉంది.

అమెరికాలో, గల్ఫ్‌లో ఉండి ఇక్కడి అమ్మానాన్నలకి ఆన్‌లైన్‌లో పాలసీ కొనేవాళ్లకి ఒక్క మాట. డబ్బు కట్టడంతో పని అయిపోదు. తెనాలిలో ఉన్న నాన్నకి హైదరాబాద్ నెట్‌వర్క్ చూపించే పాలసీ ఏం చేస్తుంది? ఇంటికి గంట దూరంలో ఉన్న రెండు ఆసుపత్రుల పేర్లు రాసి, ఆ రెండింటికీ ఫోన్ చేసి, కొనండి. కార్డు కాపీ పక్కింటివాళ్ల ఫోన్‌లో కూడా ఉండాలి.

ఉన్న పాలసీ నచ్చకపోతే మానేసి కొత్తది తీసుకోకండి, పోర్ట్ చేయించుకోండి, అంటే దాన్నే వేరే కంపెనీకి మార్పించుకోండి. రెన్యూవల్‌కి కనీసం 45 రోజుల ముందు దరఖాస్తు పెడితే పూర్తయిన వెయిటింగ్ కాలం వెంట వస్తుంది. కొత్త పాలసీ చేతికి వచ్చాక 30 రోజులు చదువుకునే గడువు ఉంది, నచ్చకపోతే తిప్పి పంపొచ్చు. క్లెయిమ్ అన్యాయంగా ఆపితే ముందు కంపెనీకి రాయండి, నెలలో తేలకపోతే బీమా ఫిర్యాదులు వినే అధికారి, అంటే బీమా అంబుడ్స్‌మన్‌కి వెళ్లండి. 50 లక్షల వరకు వింటారు, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. రెండు తెలుగు రాష్ట్రాలకీ ఆ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది. ప్రభుత్వ కార్డు తీసుకోనన్న ఆసుపత్రి మీద 104కి ఫోన్ చేసి, ఫిర్యాదు నంబరు రాసుకోండి.

మా ఇంట్లో ఇప్పుడు ఇలా పెట్టుకున్నాం. బాబాయి, పిన్నిలకి ప్రభుత్వ కార్డు, దాంతో పాటు ఫ్రిజ్ మీద అంటించిన కాగితం. దాని మీద గుండెకి గుర్తింపు ఉన్న మూడు ఆసుపత్రుల పేర్లు, ఆరోగ్యమిత్రల నంబర్లు. మూడు నెలలకోసారి నేను ఫోన్ చేసి కార్డు తీసుకుంటున్నారా అని అడుగుతాను. పోయినసారి ఒకరు ఇప్పుడు తీసుకోవడం లేదన్నారు, ఆ పేరు కొట్టేసి ఇంకోటి రాశాం. నాకూ, పిల్లలకీ రూమ్ పరిమితి లేని 5 లక్షల పాలసీ, పైన టాపప్. అమ్మకి వచ్చే ఆగస్టుకి 70 నిండుతాయి. ఆధార్‌లో పుట్టిన తేదీ తప్పుంటే వయ వందన దగ్గర ఆగిపోతుందని, దిద్దించడానికి సోమవారం మీసేవకి తీసుకెళుతున్నాను.